ల్యాప్‌టాప్‌లో బాగుంది, ఫోన్‌లో సైటు ఊగుతోంది. మొత్తం మార్చేయాలా?

స్పానర్‌సెట్ | సోమవారం, ఉదయం 9:40

నమస్తే అండి. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు.

వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు రిపేరు చేసే చిన్న సర్వీసు మాది. నాతో కలిపి ముగ్గురం. రెండేళ్ల కిందట ఒక అబ్బాయితో సైటు చేయించాను. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే చూడముచ్చటగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పైన పెద్ద ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతుంటాయి. కింద మేం చేసే పనులన్నీ ఒక పట్టిక, ఆ కింద మ్యాప్, చివర ఫారం.

పోయిన వారం పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేసి, "మీ సైటు తెరిచాను బాబూ, నంబరు ఎక్కడుందో తెలియలేదు, చివరికి మా చెల్లెల్ని అడిగి తీసుకున్నా" అన్నారు. గుండె జారింది. నంబరు అన్నిటికన్నా పైనే ఉంది కదా! నా ఫోన్‌లో తీసి చూశాను. ఉంది, కానీ చీమంత. పైగా కిందకి జరుపుతుంటే పేజీ పక్కకి కూడా ఊగుతోంది, పడవలో కూర్చున్నట్టు.

ఆ అబ్బాయిని అడిగితే "అది రెస్పాన్సివ్ థీమ్ సార్, ఏ తెరకైనా తనే సర్దుకుంటుంది, మీ ఫోన్‌లోనే ఏదో ఉంది" అన్నాడు. నాకు కోడ్ రాదు, స్క్రూలు విప్పమంటే విప్పుతాను. మా కుర్రాళ్లలో ఒకడికి మాత్రం కొంచెం పట్టుంది. మొత్తం పడేసి కొత్తది చేయించుకోవాలా, దీన్నే బాగుచేయొచ్చా?

రాకెట్‌రెడీ | 9:52

బ్రో, ఈ రోజుల్లో సైటు ఎవరు చూస్తారు? యాప్ చేయించెయ్. ప్లే స్టోర్‌లో పెడితే గొడవే ఉండదు.

పాతకీబోర్డు | 10:15

రాకెట్ గారూ, ఇంట్లో నేలంతా నీళ్లు పారుతుంటే ఎవరూ యాప్ దించుకుని, లాగిన్ అయి, పర్మిషన్లు ఇస్తూ కూర్చోరు. ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో వెతుకుతారు. ఏడాదికోసారి అవసరపడే పనికి యాప్ ఎందుకండీ.

స్పానర్ గారూ, పడేయకండి. ముందు రోగమేంటో చూద్దాం. మీ సైటుని ల్యాప్‌టాప్‌లో తెరిచి, రైట్ క్లిక్ చేసి, పేజీ సోర్స్ చూడండి. అందులో వ్యూపోర్ట్ అనే మాట కోసం వెతకండి. ఒక మెటా ట్యాగ్ ఉండాలి, అందులో విడ్త్=డివైస్-విడ్త్ అని రాసి ఉండాలి.

ఇదెందుకంటే: 2007లో ఐఫోన్ వచ్చేనాటికి వెబ్‌లో ఉన్నవన్నీ పెద్ద తెరల కోసం చేసిన పేజీలే. అందుకని దానిలోని సఫారీ బ్రౌజర్ ఒక ఉపాయం పన్నింది. తన తెర 980 పిక్సెళ్ల వెడల్పుందని అనుకుని పేజీ గీసి, తర్వాత దాన్ని చిన్న తెరలోకి కుదించి చూపిస్తుంది. మిగతా ఫోన్లు కూడా దాదాపు అదే దారి పట్టాయి. "నేను ఫోన్ కోసమే తయారై ఉన్నాను, కుదించొద్దు" అని పేజీ చెప్పే మాటే ఆ ట్యాగ్. అది లేకపోతే థీమ్ ఎంత గొప్పదైనా అక్షరాలు చీమలే.

స్పానర్‌సెట్ | 10:41

ఉందండి. డివైస్-విడ్త్ అని ఉంది. దాని పక్కనే మాగ్జిమమ్-స్కేల్=1, యూజర్-స్కేలబుల్=నో అని కూడా ఉన్నాయి. ఇవి మంచివేనా?

చత్వారం | 10:58

కాదు. ఆ రెండూ ఈరోజే తీయించండి.

నా పేరు చూస్తే మీకు అర్థమై ఉంటుంది ఎందుకు చెబుతున్నానో. అక్షరాలు కనపడనప్పుడు రెండు వేళ్లతో పేజీని పెద్దది చేసుకుంటాం కదా, ఆ దారిని మూసేసే తాళాలవి. ఐఫోన్ 2016లో వచ్చిన ఐఓఎస్ 10 నుంచి ఈ తాళాన్ని పట్టించుకోవడం మానేసింది. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ మాత్రం ఇప్పటికీ గౌరవిస్తుంది, సెట్టింగుల్లోకి వెళ్లి బలవంతంగా జూమ్ ఇవ్వమని చెబితే తప్ప. ఆ సెట్టింగు ఉందని నాలాంటివాళ్లలో ఎంతమందికి తెలుసు? మీ కస్టమరు గారిది ఆండ్రాయిడ్ అయి ఉంటుంది.

స్పానర్‌సెట్ | 11:05

నాది ఐఫోనే, అందుకేనేమో నాకు జూమ్ అవుతోంది! ఆవిడది ఏ ఫోనో అడుగుతాను.

గాజుతెర | 11:30

ఊగడం సంగతి నేను చూస్తాను. ఇది నాకు ఇష్టమైన జబ్బు.

పేజీ పక్కకి ఊగుతోందంటే లోపల ఏదో ఒక వస్తువు తెర కన్నా వెడల్పుగా ఉండి బయటికి పొడుచుకొస్తోందని అర్థం. ఒక్కటి చాలు, పేజీ మొత్తాన్నీ లాగేస్తుంది. దొంగను పట్టుకునే పద్ధతి: ల్యాప్‌టాప్ క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, పైన ఫోన్ బొమ్మ నొక్కి, వెడల్పు 360 పెట్టండి. ఆ తర్వాత మీ కుర్రాడితో సీఎస్ఎస్‌లో, అంటే పేజీ రూపాన్ని చెప్పే కోడ్‌లో, ప్రతి ఎలిమెంటుకీ ఒక పిక్సెల్ ఎర్ర ఔట్‌లైన్ పెట్టించండి, తాత్కాలికంగానే. ఎర్ర డబ్బాలన్నీ తెర లోపల ఉంటాయి, ఒకటో రెండో బయటికి కాళ్లు చాపుకుని కనిపిస్తాయి.

నా అనుమానం మీ మ్యాప్ మీద. గూగుల్ మ్యాప్స్‌లో పేజీలో పెట్టుకోమని ఇచ్చే కోడ్‌లో వెడల్పు మామూలుగా 600 అని అంకె వేసి వస్తుంది. దాన్ని అలాగే అతికిస్తే 360 తెరలో ఇమిడేదెలా?

లైన్‌మార్చు | 11:38

ఇంత కష్టం ఎందుకు. బాడీకి, అంటే పేజీ మొత్తానికి, ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ అని పెట్టేయండి. ఊగడం ఆగిపోతుంది. ఒక్క లైను.

గాజుతెర | 11:49

> ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ అని పెట్టేయండి

కారుతున్న పైపు మీద గుడ్డ కప్పడమే అది, స్పానర్ గారికి నేను చెప్పాలా! ఊగడం ఆగుతుంది, బయటికి వెళ్లిన భాగం కోసుకుపోయి కనపడకుండా పోతుంది. పట్టికలో ఆఖరి నిలువు వరస అసలుందని కూడా ఎవరికీ తెలియదు. పైగా ఆ లైనుని లోపలి డబ్బా దేనికైనా పెడితే, అందులో పైన అతుక్కుని ఉండాల్సిన స్టికీ హెడర్ అతుక్కోవడం మానేస్తుంది. అప్పుడు దానికోసం ఇంకో థ్రెడ్.

స్పానర్‌సెట్ | మధ్యాహ్నం 2:20

ఎర్ర గీతలు పెట్టించాం. గాజుతెర గారు జ్యోతిష్యం చెబుతారా? మ్యాప్ 600 అనే ఉంది! అది ఒక దొంగ. రెండో దొంగ సర్వీసుల పట్టిక, ఆరు వరసలు.

మ్యాప్‌కి మాగ్జిమమ్ వెడల్పు నూరు శాతం అని పెట్టాడు మావాడు, సరిపోయింది. పట్టిక ఏం చేయాలి? ఫోన్‌లో దాచేయమంటున్నాడు.

గాజుతెర | 2:34

దాచొద్దు. ఫోన్‌లో వచ్చినవాడికి కూడా మీరు డ్రైయర్ చూస్తారో లేదో తెలియాలి కదా.

రెండు దారులున్నాయి. పట్టికని ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బా మాత్రమే పక్కకి జరిగేలా చేయొచ్చు. వరసకీ వరసకీ పోల్చి చూడాల్సిన పట్టికలకి అది బాగుంటుంది. మీది పోల్చి చూసేది కాదు, పనుల జాబితా. అందుకని చిన్న తెరలో ఒక్కో మెషిన్‌ని ఒక్కో ముక్కగా విడగొట్టి, ఒకదాని కింద ఒకటి పేర్చేయండి. నిజానికి ల్యాప్‌టాప్‌లో కూడా దానికి పట్టిక అక్కర్లేదేమో. వెబ్‌లో చాలా పట్టికలు ఎక్సెల్‌లో పుట్టి, అలవాటుకొద్దీ పట్టికలుగా మిగిలిపోయినవే.

పాతకీబోర్డు | 2:50

ఇక్కడ ఒక మాట. థీమ్ రెస్పాన్సివ్ అన్నాడు కదా ఆ అబ్బాయి, అబద్ధం చెప్పలేదు. థీమ్ రెస్పాన్సివే అయ్యుంటుంది. అందులో పోసిన సరుకు కాదు. 2010లో ఈథన్ మార్కాట్ ఈ రెస్పాన్సివ్ అనే పేరు పెట్టినప్పుడు మూడు విషయాలు చెప్పాడు: శాతాల్లో సాగే గ్రిడ్, దానితోపాటు సాగే బొమ్మలు, తెరను బట్టి మారే మీడియా క్వెరీలు. రెండోది బొమ్మలే, చూడండి. థీమ్ ఎంత సాగినా, సాగని వస్తువుని లోపల పెడితే చిరుగుతుంది.

సరే గానీ స్పానర్ గారూ, నంబరు చీమంత అన్నారు. దాన్ని ఫోన్‌లో వేలితో నొక్కి పట్టుకోండి. కాపీ అని అడుగుతుందా, ఇమేజ్ సేవ్ చేయాలా అని అడుగుతుందా?

స్పానర్‌సెట్ | 2:58

ఇమేజ్ సేవ్ అంటోంది...

పాతకీబోర్డు | 3:04

అనుకున్నా. లోగో, పేరు, నంబరు అన్నీ కలిపి ఒకే బొమ్మగా చేసి పైన అతికించాడు. ల్యాప్‌టాప్‌లో ఆ బొమ్మ వెడల్పుగా ఉంటుంది కాబట్టి చదవొచ్చు. ఫోన్‌లో బొమ్మ తగ్గితే దాంతోపాటు నంబరూ తగ్గింది. ఎవరూ దాన్ని కాపీ చేయలేరు, నొక్కి కాల్ చేయలేరు, చూపు లేనివాళ్లకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకీ అది కనపడదు, గూగుల్‌కీ నంబరుగా తెలియదు.

బొమ్మలో లోగో మాత్రం ఉంచండి. నంబరుని అక్షరాలుగా రాయించి, టెల్ లింకు పెట్టించండి. అంటే నొక్కగానే ఫోన్ డయలర్ తెరుచుకునే లింకు. మీ వ్యాపారానికి సైటులో ఇంతకన్నా ముఖ్యమైన లైను లేదు.

చత్వారం | 3:20

ఆ లింకు చుట్టూ చోటు కూడా ఇవ్వండి. వేలు మౌస్ కాదు. ఆపిల్ తన నియమాల్లో కనీసం 44 పాయింట్లు అంటుంది, ఆండ్రాయిడ్ వాళ్లు తమ కొలతలో 48 డీపీ అంటారు. అందరికీ అందుబాటు కోసం రాసిన డబ్ల్యూసీఏజీ నియమాల 2.2 కూర్పు 2023లో వచ్చింది, అందులో ఏఏ అనే మధ్య స్థాయికి 24 పిక్సెళ్లు కనీసం. నన్నడిగితే ఆ 24 లెక్క పాస్ మార్కులాంటిది, తడి చేతికి అది చాలదు.

రాకెట్‌రెడీ | 3:31

సరే యాప్ వద్దు, ఒప్పుకున్నా. గూగుల్ వాళ్ల మొబైల్ ఫ్రెండ్లీ టెస్ట్ ఉంటుంది కదా, అందులో అడ్రస్ పెడితే ఇవన్నీ అదే చెబుతుంది.

లైన్‌మార్చు | 3:40

అది తీసేశారు బాస్. 2023 డిసెంబరులో ఆ టెస్టునీ, సైటు ఉన్నవాళ్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఉండే మొబైల్ యూజబిలిటీ రిపోర్టునీ ఆపేశారు. ఇంకా దాన్ని వాడమని చెప్పే పాత వ్యాసాలు బోలెడున్నాయి. ఇప్పుడు క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోనే పేజీని పరీక్షించే లైట్‌హౌస్ ఉంది, లేదా పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్.

స్పానర్‌సెట్ | సాయంత్రం 6:15

పేజ్‌స్పీడ్‌లో పెట్టాను. మొబైల్‌కి 31 వచ్చింది. ఎర్ర రంగులో. నూటికి. డెస్క్‌టాప్‌కి 84. ఇక నిద్ర పట్టదు, టెన్షన్‌గా ఉంది. గూగుల్ నన్ను తీసేస్తుందా?

పాతకీబోర్డు | 6:40

తీసేయదు, నిద్రపోండి. ఆ 31 మీ సైటుకొచ్చిన మనుషులు ఇచ్చిన మార్కు కాదు. ఒక నెమ్మది ఫోన్, నెమ్మది నెట్ ఉన్నట్టు నటిస్తూ కంప్యూటర్ ఒక్కసారి పేజీ తెరిచి చూసి వేసిన అంచనా. మళ్లీ నడిపితే ఇంకో అంకె వస్తుంది.

గూగుల్ అసలు చూసేది నిజమైన క్రోమ్ వినియోగదారుల దగ్గర్నుంచి 28 రోజులపాటు పోగైన లెక్క. అందులో మూడు కొలతలు. పేజీలో పెద్ద వస్తువు కనపడటానికి పట్టిన సమయం 2.5 సెకన్లలోపు ఉండాలి, దాన్ని ఎల్‌సీపీ అంటారు. నొక్కిన దానికి పేజీ స్పందించడం 200 మిల్లీసెకన్లలోపు జరగాలి, అది ఐఎన్‌పీ; 2024 మార్చిలో ఎఫ్‌ఐడీ అనే పాత కొలత స్థానంలో వచ్చింది. చదువుతుండగా పేజీ ఎగిరి గంతులేయడం 0.1 దాటకూడదు, అది సీఎల్‌ఎస్. నూటికి 75 సందర్శనల్లో ఇవి బాగుంటే చాలు. మీలాంటి చిన్న సైటుకైతే చాలినంతమంది రాక, ఆ పై భాగంలో డేటా లేదు అని వచ్చి ఉంటుంది. చూడండి.

స్పానర్‌సెట్ | 6:47

అవును, డేటా లేదు అనే ఉంది. అదేదో తప్పనుకున్నా.

పాతకీబోర్డు | 6:55

తప్పు కాదు. 31 కింద అది ఇచ్చే ఫిర్యాదుల జాబితా మాత్రం పనికొస్తుంది. మొదటి ఫిర్యాదు ఏంటి? బొమ్మలా?

స్పానర్‌సెట్ | 7:02

బొమ్మలే. పైన జరిగే ఫొటోలు ఐదు. ఒక్కోటి 4 ఎంబీ దాకా ఉంది. మా కుర్రాడు కెమెరాలో తీసినవి తీసినట్టే ఎక్కించాం.

గాజుతెర | 7:25

అమ్మో! ఐదూ కలిపితే 20 ఎంబీ. నీళ్లలో నిలబడ్డ మనిషి అవి దిగేదాకా ఆగాలి.

లెక్క చూడండి. ఫోన్ తెర వెడల్పు సీఎస్ఎస్ లెక్కలో 360 అనుకుందాం. మంచి తెరల్లో ఒక్కో పిక్సెల్‌కి మామూలుగా మూడు చుక్కలు. 360ని మూడుతో గుణిస్తే 1080. అంటే 1080 చుక్కల వెడల్పున్న బొమ్మ ఉంటే ఆ ఫోన్‌లో నిగనిగలాడుతుంది. మీ కెమెరా ఫొటో 4000 పైనే ఉంటుంది, మిగతాదంతా వృథా బరువు. ఒకే ఫొటోని రెండు మూడు కొలతల్లో పెట్టి, సోర్స్‌సెట్ అనే ఏర్పాటుతో "నీకు సరిపోయేది నువ్వే తీసుకో" అని బ్రౌజర్‌కి వదిలేయొచ్చు. మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరుతో చేసిందైతే 2015 చివర్లో వచ్చిన 4.4 నుంచి అది తనంతట తానే చేస్తుంది, థీమ్ అడ్డుపడకపోతే. మీ జరిగే ఫొటోల ప్లగిన్ అడ్డుపడుతోందని నా పందెం.

బొమ్మల్ని జేపెగ్ బదులు వెబ్‌పీ అనే ఫార్మాట్‌లో పెట్టండి. గూగుల్ దాన్ని 2010లోనే తెచ్చినా సఫారీ 2020లో 14వ వెర్షన్‌తో గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడు భయం లేదు. బొమ్మలకి వెడల్పు, ఎత్తు అంకెలు కూడా రాయించండి, చోటు ముందే కేటాయిస్తే పేజీ గంతులేయదు.

లేజీ లోడింగ్ అని ఒకటుంటుంది, తెర దగ్గరికి వచ్చినప్పుడే బొమ్మ దించుకోవడం. కింద బొమ్మలకి అది వరం. కానీ అన్నిటికన్నా పైన ఉన్న మొదటి బొమ్మకి పెట్టొద్దు. ముందుగా కనపడాల్సిన దాన్నే ఆలస్యం చేసినట్టవుతుంది. స్పీడు పెంచే ప్లగిన్లు కొన్ని కళ్లు మూసుకుని అన్నిటికీ పెట్టేస్తాయి.

ఇంతా చెప్పి ఒక మాట: ఆ జరిగే ఫొటోలు తీసేస్తే ఇందులో సగం పని ఉండదు. రెండో ఫొటో చూడటం కోసం ఆగే కస్టమర్ని నేనింతవరకూ చూడలేదు.

లైన్‌మార్చు | 7:41

నాదో సూచన, మళ్లీ తిట్టకండి. పాత సైటు అలాగే ఉంచి, ఫోన్ల కోసం విడిగా ఎం-డాట్ అడ్రస్‌తో, అంటే ముందు ఎం, చుక్క ఉండే అడ్రస్‌తో, చిన్న సైటు పెడితే? తేలిగ్గా ఉంటుంది.

పాతకీబోర్డు | 8:10

తిట్టం గానీ, వద్దంటాం. ఒకప్పుడు అందరూ చేసిందే అది. కష్టం ఎక్కడొస్తుందంటే, ఇక్కడ ఒక సర్వీసు చేరిస్తే అక్కడా చేర్చాలి, మర్చిపోతాం. ఫోన్‌లో పంపిన లింకుని ఇంకొకరు ల్యాప్‌టాప్‌లో తెరిస్తే మరుగుజ్జు పేజీ వస్తుంది.

పైగా గూగుల్ 2016లో ప్రకటించి, మెల్లమెల్లగా మార్చుకుంటూ 2023 అక్టోబరుకి పూర్తి చేసిన మొబైల్-ఫస్ట్ ఇండెక్సింగ్ ఉంది. మీ పేజీలో ఏముందో తెలుసుకోవడానికి అది చదివేది ఫోన్‌కి వచ్చే పేజీనే. ఎం-డాట్‌లో సగం సమాచారమే పెడితే గూగుల్ దృష్టిలో మీ దగ్గర ఉన్నది ఆ సగమే. సీఎస్ఎస్‌తో మడిచిపెట్టి, నొక్కితే తెరుచుకునేలా ఉంచిన సమాచారం వేరు, అది పేజీలోనే ఉంటుంది కాబట్టి చదువుతుంది.

అక్షరాలపిచ్చి | రాత్రి 9:05

ఆలస్యంగా వచ్చాను. సైటులో తెలుగు ఉందా స్పానర్ గారూ? ఉంటే ఒక్కసారి బటన్లు చూడండి. ఇంగ్లిష్ అక్షరాల లెక్కతో బటన్ ఎత్తు పిక్సెళ్లలో కట్టేసి ఉంటారు. మన గుడులు పైకి, వత్తులు కిందకి. బిగించి కట్టిన డబ్బాలో వత్తు తల తెగినట్టు పోతుంది. ఎత్తు కట్టకుండా అక్షరాల చుట్టూ ప్యాడింగ్, అంటే ఖాళీ, ఇస్తే చాలు. లైన్ హైట్ 1.6 తగ్గితే నాకు ఊపిరాడదు, అది నా రుచి అనుకోండి.

లెటర్ స్పేసింగ్ తెలుగుకి పెట్టొద్దు. ఫాంటు ఫైలు దిగేలోపు పేజీ ఖాళీగా ఉండకుండా ఫాంట్-డిస్‌ప్లే స్వాప్ పెట్టించండి, ఫోన్‌లో ఉన్న ఫాంటుతో ముందు అక్షరాలు కనిపిస్తాయి. నాలుగు మందాల్లో ఫాంట్లు ఎక్కించకండి. రెండు చాలు.

స్పానర్‌సెట్ | మంగళవారం, ఉదయం 8:30

రాత్రి మావాడు కూర్చుని చాలా చేశాడు. జరిగే ఫొటోలు పోయాయి, ఒక్కటే ఉంచాం. నంబరు ఇప్పుడు అక్షరాల్లో ఉంది, నొక్కితే కాల్ వెళ్తోంది. తెలుగు సగం పేజీల్లో ఉంది, 'సంప్రదించండి' బటన్ నిజంగానే కిందంతా కోసుకుపోయింది, సరిచేశాం. చత్వారం గారు చెప్పిన తాళాలు రెండూ తీసేశాం.

తీశాక కొత్త రోగం మొదలైంది. ఫారంలో పేరు రాద్దామని వేలు పెట్టగానే తెర మొత్తం ముందుకు దూసుకొస్తోంది, మళ్లీ వెనక్కి పోవడం లేదు. నిన్న ఇలా లేదు. తాళాలు మళ్లీ వేసేయమంటారా?

గాజుతెర | 8:52

వేయొద్దు! ఇప్పుడు తెలిసింది ఆ అబ్బాయి వాటిని ఎందుకు పెట్టాడో.

ఐఫోన్‌లో ఫారం గడిలోని అక్షరాలు 16 పిక్సెళ్ల కన్నా చిన్నవైతే, "ఇతనికి కనపడదేమో" అని సఫారీ తనే దగ్గరికి లాక్కొస్తుంది. అతనికి ఆ లాగడం నచ్చక, అక్షరం పెంచకుండా జూమ్‌కి తాళం వేశాడు. గడుల్లో అక్షరాలు 16 చేయండి, లాగడం ఆగిపోతుంది.

ఫారం ముట్టుకున్నారు కాబట్టి ఇంకొంచెం. ఫోన్ నంబరు గడికి టైపు టెల్ అని పెడితే అంకెల కీబోర్డే వస్తుంది. నంబర్ అనే టైపు పెట్టొద్దు, అది లెక్కల కోసం, మొదట్లో ఉన్న సున్నా ఒక్కోసారి పోవచ్చు. ఆటోకంప్లీట్ రాయిస్తే పేరు, అడ్రసు ఫోనే నింపుతుంది. ఇంతకీ మీ ఫారంలో ఎన్ని గడులున్నాయి?

స్పానర్‌సెట్ | 8:58

పదకొండు. మెషిన్ కొన్న తేదీ కూడా అడుగుతున్నాం. ఎందుకో నాకూ గుర్తులేదు.

గాజుతెర | 9:01

పేరు, నంబరు, ఏ మెషిన్, ఏమైంది. మిగతావి మీరు ఫోన్‌లో అడగరా?

చత్వారం | 9:30

ఇప్పటిదాకా మీరంతా తెర లోపల చూసి చెబుతున్నారు. నేను బయట పని ఒకటి చెబుతాను.

స్పానర్ గారూ, ఇంట్లోనో పనిచోటో ఎవరి దగ్గరైనా పాత ఆండ్రాయిడ్ ఫోన్, చిన్న తెరది, ఉందేమో చూడండి. వైఫై ఆపేయండి. మీ సైటు ఇంతవరకూ చూడని మనిషి చేతికివ్వండి. "మెషిన్ కారుతోంది, వీళ్లకి ఫోన్ చెయ్యి" అని ఒక్క మాట చెప్పి, పక్కన నిలబడి నోరు మూసుకోండి. ఇక్కడ నొక్కు, అక్కడ చూడు అనొద్దు. అదే కష్టం, నేను చేసినప్పుడు నాలుక కరుచుకున్నాను.

ఆ ఫోన్‌లో అక్షరాల సైజు సెట్టింగుల్లో పెద్దది చేసి ఉంటే ఇంకా మంచిది. ల్యాప్‌టాప్‌లో ఫోన్ బొమ్మ నొక్కి చూసేది కొలతలకి పనికొస్తుంది. దానికి వేలూ లేదు, ఎండా లేదు, కంగారూ లేదు.

రాకెట్‌రెడీ | 9:44

ఇది నచ్చింది. ఇంకోటి, లింకుని ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టి అక్కడినుంచి నొక్కి చూడండి. దాని లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, అక్కడ కొన్ని పనిచేయవు. మా ఫ్రెండ్ సైటులో ఫొటో అప్‌లోడ్ అలాగే చచ్చిపోయింది.

(నిన్న యాప్ అన్నందుకు ఇది పరిహారం.)

స్పానర్‌సెట్ | మధ్యాహ్నం 1:15

చత్వారం గారూ, మీకు దండం.

మా అత్తయ్య గారి ఫోన్ దొరికింది. పాతది, చిన్న తెర, అక్షరాలు పెద్దవి చేసుకుని ఉన్నారు. ఇచ్చి, మెషిన్ కారుతోంది ఫోన్ చేయండి అన్నాను. పైన నంబరు ఇప్పుడు బాగానే ఉంది కదా, అది నొక్కుతారనుకున్నా. ఆవిడ దాన్ని చూడలేదు. బొటనవేలికి అందేది కింద కదా, కింద ఉన్న ఆకుపచ్చ కాల్ బటన్ నొక్కారు. చాట్ డబ్బా తెరుచుకుంది. మూసి మళ్లీ నొక్కారు. మళ్లీ చాట్. "ఇది ఫోన్ చేయడం లేదు నాయనా" అన్నారు.

చూస్తే, కుడివైపు కింద ఉండే చాట్ గుండ్రం ఆ తెరలో సరిగ్గా కాల్ బటన్ మీద కూర్చుంది. నా ఫోన్ పెద్దది, అందులో రెండింటి మధ్యా వేలెడు సందు ఉంది. ఆ అబ్బాయిదీ పెద్ద ఫోనే. రెండేళ్లుగా మా ఇద్దరికీ కనపడలేదు. కింద కుకీల పట్టీ ఒకటి వస్తే మిగిలిన ఆకుపచ్చ కూడా దాని కింద దాక్కుంటోంది.

పాతకీబోర్డు | 1:28

అదీ సంగతి. ఆ పాత కస్టమర్ గారికి జరిగింది కూడా ఇదే అయ్యుంటుంది.

చాట్‌లో ఎవరైనా జవాబిస్తున్నారా మీ తరఫున?

స్పానర్‌సెట్ | 1:33

మా దగ్గర చాట్ ఉందనే నాకు ఈరోజు తెలిసింది.

గాజుతెర | 1:40

అయితే తీసేయండి. బయటినుంచి వచ్చే స్క్రిప్టులు బరువు కూడా, నొక్కిన దానికి స్పందన ఆలస్యం చేసేది ఎక్కువగా అవే. కుకీల పట్టీని పైకి మార్చండి. కాల్ బటన్‌ని తెర అడుగున పూర్తి వెడల్పు పట్టీగా చేయండి, కొత్త ఐఫోన్లలో అడుగున ఉండే గీతకి కాస్త చోటు వదిలి. అంతకుమించి కింద ఏమీ తేలకూడదు.

పాతకీబోర్డు | 1:52

తీసే ముందు ఒక్క నిమిషం. ఆ చాట్ ఏ ఈమెయిల్‌తో తెరిచారో ఆ అబ్బాయిని అడిగి, ఒకసారి లోపలికెళ్లి చూడండి. నొక్కినవాళ్లందరూ మీ అత్తయ్య గారిలా మూసేసి ఉండరు.

స్పానర్‌సెట్ | రాత్రి 10:20

పాతకీబోర్డు గారూ, ఇప్పుడే లోపలికెళ్లాను. అతను ఎప్పుడో వాడి వదిలేసిన ఈమెయిల్‌తో పెట్టాడట, పాస్‌వర్డ్ దొరికేసరికి ఈ టైమైంది.

మెసేజ్‌లు ఉన్నాయి. పైనుంచి కిందకి లాగుతుంటే వస్తూనే ఉన్నాయి. "నంబరు ఇవ్వండి". "హలో". "ఉన్నారా". "నీళ్లు ఆగట్లేదు, ఎవరైనా ఉన్నారా". కొందరు తమ నంబర్లు కూడా రాసి, కాల్ చేయమన్నారు. అన్నిటి కిందా ఒకటే ఆటోమేటిక్ జవాబు: "ధన్యవాదాలు, త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తాం."

చాట్ తీయించేశాను. నంబర్లు ఉన్నవన్నీ కాగితం మీద రాసుకున్నా. చివరిది మొన్నటిదే, పొద్దుపోయినా ఆగలేక ఇప్పుడే చేశాను. వాషింగ్ మెషిన్ ఇంకెవరితోనో బాగుచేయించుకున్నారట. నేనెవరో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ నంబరు సేవ్ చేసుకుంటున్నా ఉండండి, ఫ్రిజ్ కూడా శబ్దం చేస్తోంది" అన్నారు.

రేపు పొద్దున వెళ్తున్నా. ఆ ఫారం సంగతి వచ్చాక చూస్తాను, ఇంకా పదకొండు గడులే ఉన్నాయి.